వాల్వు గిటారు యాంప్లిఫయరు, డిజిటల్ మోడలరు

ఎలక్ట్రిక్ గిటారు తీగల కంపనము నుండి పుట్టే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేసి స్పీకరుకు అందించే సాధనాన్ని గిటారు యాంప్లిఫయరు అంటారు. 1930ల నుండి చాలాకాలం పాటు ఈ యాంప్లిఫయర్లు వాల్వులతోనే తయారయ్యేవి. అమెరికాలో వీటిని ట్యూబులు అంటారు. మన దేశంలో రేడియోల కాలం నుండి వాల్వు అన్న మాటే స్థిరపడింది. వాల్వు యాంప్లిఫయరు ప్రవర్తనను గణిత రూపంలో రాసుకొని, ఒక చిప్పు సహాయంతో అదే ధ్వనిని పలికించే పరికరాన్ని డిజిటల్ మోడలరు అంటారు.

ఈ రెండింటిలో ఏది మేలు అన్న వాదం గిటారు వాయించేవారిలో పాతికేళ్ళకు పైగా సాగుతున్నది. వాల్వు ధ్వనికి మరొకటి సాటి రాదని ఒకరు, కళ్ళు మూసుకొని వింటే తేడా చెప్పలేరని మరొకరు అంటారు. ఈ వాదంలో చాలా భాగం ఒక పొరపాటు పోలిక మీద నిలబడి ఉన్నది. గదిలో పెట్టె ముందు నిలబడి వినే ధ్వని ఒకటి, ఆ పెట్టె ముందు మైకు పెట్టి రికార్డు చేసిన ధ్వని మరొకటి. మోడలరు సాధారణంగా రెండవ దానిని అనుకరిస్తుంది. వాయించేవాడు దానిని మొదటి దానితో పోల్చుతాడు. ఈ సంగతి తెలియాలంటే ముందుగా వాల్వు ఎలా పని చేస్తుందో చూడాలి.

వాల్వు పని చేసే తీరు

ఒక తరం వెనుకటి పాఠకులకు వాల్వు కొత్త వస్తువు కాదు. మీట తిప్పిన తరువాత అర నిమిషం దాకా పలకని రేడియో, వెనుక అట్ట రంధ్రాలలో నుండి కనిపించే నారింజ రంగు వెలుగు వారికి గుర్తుండే ఉంటాయి. ఆ వెలుగు వాల్వు లోపలి ఫిలమెంటుది.

వాల్వు అంటే లోపలి గాలిని తోడివేసి మూసిన గాజు గొట్టం. అందులో కాథోడు అనే లోహపు రేకు ఉంటుంది. ఫిలమెంటు దానిని వేడి చేసినప్పుడు దాని ఉపరితలం నుండి ఎలక్ట్రానులు బయటికి వస్తాయి. ఎదురుగా ఉన్న ప్లేటుకు వందల వోల్టుల ధన విద్యుత్తు ఇస్తే, ఎలక్ట్రానులు అటు పరుగెత్తుతాయి. ఇంతవరకు ఉన్నది డయోడు. దీనిని 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఈ రెండింటి నడుమ గ్రిడ్ అనే సన్నని తీగల జల్లెడను చేర్చాడు. గ్రిడ్ మీది వోల్టేజిలో కొద్దిపాటి మార్పు ప్లేటుకు చేరే ప్రవాహంలో పెద్ద మార్పు తెస్తుంది. పంట కాలువకు తూము తలుపు ఎటువంటిదో వాల్వుకు గ్రిడ్ అటువంటిది. చేతితో తిప్పే బలం స్వల్పమే, కదిలే నీరు మాత్రం అపారం. వాల్వు అన్న పేరు కూడా ఇటువంటి పోలిక వలననే వచ్చింది.

గిటారు తీగ కింద అయస్కాంతము, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. దీనిని పికప్ అంటారు. ఉక్కు తీగ కదిలినప్పుడు తీగచుట్టలో పుట్టే వోల్టేజి సుమారుగా వోల్టులో పదవ వంతు. యాంప్లిఫయరు మొదటి దశలో సాధారణంగా 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు ఉంటుంది. ఐరోపాలో దీని పేరు ఇ.సి.సి.83. ఇది సంకేతపు వోల్టేజిని పెంచుతుంది. చివరి దశలో 6ఎల్6, 6వి6, ఇ.ఎల్.34, ఇ.ఎల్.84 వంటి పెద్ద వాల్వులు స్పీకరును నడిపేంత శక్తిని ఇస్తాయి. వాల్వు ఇచ్చేది ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకరుకు కావలసింది దానికి విరుద్ధం. అందువలన రెండింటి నడుమ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అనే బరువైన ఇనుప దిమ్మ తప్పనిసరి.

ధ్వని చిట్లడం

ఇంటి రేడియోలో పాట చిట్లితే మరమ్మత్తుకు పంపేవారు. గిటారు విషయంలో ఆ దోషమే గుణమయింది. యాంప్లిఫయరు చరిత్రలో అన్నిటికంటె విచిత్రమైన సంగతి ఇదేనని చెప్పవచ్చును.

వాల్వు తన శక్తికి మించి పెంచలేదు. సంకేతం మరీ పెద్దదైనప్పుడు తరంగపు శిఖరం అణగిపోతుంది. దీనిని క్లిప్పింగు అంటారు. శిఖరం అణగిన తరంగంలో మూల పౌనఃపున్యంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు గల అనుస్వరాలు కొత్తగా చేరతాయి. ఉదాహరణకు 200 హెర్ట్జ్ స్వరాన్ని తీసుకుందాము. తరంగపు పై భాగము, కింది భాగము సమానంగా అణగితే 600, 1000, 1400 హెర్ట్జ్ అనుస్వరాలు వస్తాయి. ఒక వైపే ఎక్కువగా అణగితే 400, 800 కూడా వస్తాయి. వాల్వు సరిసంఖ్య అనుస్వరాలను, ట్రాన్సిస్టరు బేసిసంఖ్య అనుస్వరాలను ఇస్తుందన్న మాట తరచు వినిపిస్తుంది. ఇది సగం నిజం మాత్రమే. ఏ అనుస్వరాలు వస్తాయన్నది సర్క్యూటు అమరికను బట్టి ఉంటుంది. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ అమరికలో, అవి రెండూ సరిజోడుగా ఉంటే, ఆ దశలో పుట్టే సరిసంఖ్య అనుస్వరాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. గిటారు యాంప్లిఫయర్లలో చాలా వరకు ఈ అమరికవే. నిజమైన తేడా అణగే తీరులో ఉంది. సాధారణ ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు తన హద్దు వరకు నిటారుగా నడిచి, హద్దు తగలగానే తరంగాన్ని కత్తితో కోసినట్టు కోస్తుంది. వాల్వు హద్దుకు చాలా ముందు నుండే మెల్లగా వంగడం మొదలుపెడుతుంది. అందువలన మెల్లగా మీటితే శుభ్రంగాను, గట్టిగా మీటితే గరుకుగాను పలుకుతుంది; ఆ రెంటి నడుమ ఉన్న మెట్లన్నీ వాయించేవాని వ్రేళ్ళలోనే ఉంటాయి.

రెండు స్వరాలు కలిపి వాయించినప్పుడు మరొక విశేషం జరుగుతుంది. 200, 300 హెర్ట్జ్ స్వరాలను, అంటే షడ్జ పంచమాలను, చిట్లే యాంప్లిఫయరు గుండా పంపితే వాటి తేడా 100, మొత్తం 500 కూడా పుడతాయి. ఇవన్నీ 100కు గుణిజాలే కనుక ధ్వని నిండుగా, కింది స్థాయిలో మరొక షడ్జం మ్రోగుతున్నట్లు ఉంటుంది. తంబురాకు అలవాటుపడిన చెవికి ఇది వింతగా తోచదు. అదే షడ్జంతో అంతర గాంధారాన్ని కలిపితే సంగతి వేరు. గిటారు మెట్ల అమరికలో ఆ గాంధారం 250 వద్ద కాక దాదాపు 252 వద్ద పడుతుంది. అప్పుడు పుట్టే 52, 148, 304 వంటివి దేనితోను పొసగవు. ధ్వని బురదగా మారుతుంది. రాక్ సంగీతంలో గిటారు వాదకులు గాంధారాన్ని వదలి షడ్జ పంచమాలను మాత్రమే పట్టుకోవడానికి ముఖ్య కారణం ఇదే. దీనిని వారు పవర్ కార్డు అంటారు. ఒక సాధనంలోని లోపం ఒక సంగీత శైలి వ్యాకరణాన్నే మార్చివేసింది.

చిట్లిన ధ్వనిని తొలుత ప్రమాదవశాత్తు కనుగొన్నారు. 1951లో మెంఫిస్‌లో రికార్డయిన రాకెట్ 88 పాటలో గిటారు గరుకుదనానికి దారిలో దెబ్బతిన్న యాంప్లిఫయరు కారణమని చెబుతారు. 1958 నాటి రంబుల్ కోసం లింక్ రే స్పీకరు కాగితానికి రంధ్రాలు పొడిచాడు. 1964లో ఇంగ్లండుకు చెందిన కింక్స్ బృందంలో డేవ్ డేవిస్ తన స్పీకరును బ్లేడుతో కోశాడు.

ఫెండర్, వాక్స్, మార్షల్

మోడలర్లలో కనిపించే పేర్లలో చాలా భాగం మూడు కుటుంబాలకు చెందినవి.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1940లలో యాంప్లిఫయర్ల తయారీకి దిగాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఆయన లక్ష్యం శుభ్రమైన ధ్వని, తేలికైన మరమ్మత్తు. చిట్లకుండా గట్టిగా పలికే ట్విన్ రివర్బ్ ఈ కుటుంబంలో పేరుపొందినది. అదే కుటుంబంలోని బాస్‌మన్ అసలు బాసు గిటారు కోసం తయారైనది. కానీ మామూలు గిటారు వాదకులు దానిని ఎక్కువగా ఇష్టపడ్డారు.

లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ, వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ వద్దకు వచ్చే యువకులకు అమెరికా యాంప్లిఫయర్లు కావలసి వచ్చేవి. దిగుమతి ధర ఎక్కువ. 1962లో మార్షల్, ఆయన సహాయకులు కలిసి బాస్‌మన్ సర్క్యూటును దాదాపు యథాతథంగా తీసుకొని, ఇంగ్లండులో దొరికే భాగాలతో జె.టి.ఎం.45 తయారుచేశారు. సర్క్యూటు ఒకటే, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్లు, వాల్వులు వేరు. ధ్వని మాత్రం కొత్తది. 1966లో జాన్ మేయల్ బృందం ఆల్బమ్ రికార్డు చేసేటప్పుడు ఎరిక్ క్లాప్టన్ తన మార్షల్‌ను స్టూడియోలో పూర్తిగా పెంచి వాయించాడు. అనుకరణ అసలును పోలక పోవడం వలన మరొక అసలు పుట్టిందన్న మాట. మోడలర్లను కేవలం అనుకరణలని కొట్టివేసేవారు ఈ చరిత్రను మరువరాదు.

వాక్స్ సంస్థ యాంప్లిఫయర్లను రూపొందించినవాడు డిక్ డెన్నీ. ఆ సంస్థ తయారుచేసిన ఏ.సి.30 నాలుగు ఇ.ఎల్.84 వాల్వులతో పనిచేస్తుంది. బీటిల్స్ తొలినాళ్ళ గిటారు ధ్వని దీనిదే.

స్పీకరు, శబ్ద తీవ్రత

వాల్వుల గురించి జరిగినంత చర్చ స్పీకరు గురించి జరగదు. కానీ ధ్వనిని మార్చడంలో స్పీకరు పాత్ర వాల్వు పాత్రకు తీసిపోదు. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్యాలను దాదాపు పలకదు. చిట్లిన ధ్వనిలోని పదునును కోసివేసే జల్లెడ అది. స్పీకరును తప్పించి అదే సంకేతాన్ని ఇయర్‌ఫోనులో వింటే తేనెటీగ డబ్బాలో పడ్డట్టు ఉంటుంది. చవక మోడలరు కొని నిరాశపడినవారిలో చాలామంది విన్నది బహుశః ఈ ధ్వనినే.

అంతేకాక స్పీకరు యాంప్లిఫయరుకు స్థిరమైన భారం కాదు. దానిపై 8 ఓములని రాసి ఉన్నా, తన సహజ కంపనం వద్ద (సాధారణంగా 100 హెర్ట్జ్ దరిదాపుల్లో) అనేక రెట్లు ఎక్కువ నిరోధం చూపుతుంది. అధిక పౌనఃపున్యాల వద్ద కూడా నిరోధం పెరుగుతుంది. వాల్వు యాంప్లిఫయరు ఈ హెచ్చుతగ్గులకు లొంగుతుంది, అందువలన కింది, పై స్వరాలు రెండూ కొంచెం ఉబ్బుతాయి. సాధారణ ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు లొంగదు.

ఇక శబ్ద తీవ్రత. గిటారు స్పీకరుకు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో వినబడేది దాదాపు 97 నుండి 100 డెసిబెల్లు. 100 వాట్ల యాంప్లిఫయరు 10 వాట్ల దానికంటె చెవికి పది రెట్లు కాదు, సుమారు రెండు రెట్లే గట్టిగా తోస్తుంది. కావున తక్కువ వాట్ల వాల్వు పెట్టె కొంటే ఇంట్లో ఇబ్బంది ఉండదన్న ఆశ నిలవదు. ఐదు వాట్లది కూడా పూర్తిగా పెంచితే పక్కింటివారు తలుపు తడతారు. అమెరికాలోని వృత్తిరక్షణ పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి, 100 డెసిబెల్ల శబ్దాన్ని 15 నిమిషాలకు మించి వినరాదు. చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి చనిపోతే తిరిగి పుట్టవు. చిట్లిన ధ్వని కోసం యాంప్లిఫయరును పూర్తిగా పెంచవలసి రావడం, పెంచితే చెవికి చేటు కావడం - వాల్వు యాంప్లిఫయరుకు ఇది పుట్టుకతో వచ్చిన చిక్కు. మోడలరు పుట్టడానికి అసలు కారణం ఇదే. కొత్త ధ్వని కోసం ఎవరూ వెదకలేదు, పాత ధ్వనినే మెల్లగా వినాలనుకున్నారు.

నడుమ మజిలీలు

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. రేడియోలు, టీవీలు త్వరలోనే దానికి మారిపోయాయి. గిటారువారు మాత్రం మారలేదు. రోలాండ్ వారు 1975లో తెచ్చిన జె.సి.120 వంటివి శుభ్రమైన ధ్వనికి పేరు తెచ్చుకున్నాయి, చిట్లే ధ్వనికి కాదు. 1982లో టామ్ షోల్జ్ తెచ్చిన రాక్‌మన్, 1989లో వచ్చిన శాన్స్‌యాంప్ డిజిటల్ కాకపోయినా, యాంప్లిఫయరు లేకుండానే దాని ధ్వనిని నేరుగా రికార్డు చేయవచ్చునని చూపాయి.

డిజిటల్ నమూనా తయారయ్యే తీరు

రోలాండ్ వి.జి.8 1995లో, లైన్ 6 సంస్థ యాక్సిస్ 212 యాంప్లిఫయరు 1996లో వచ్చాయి. సామాన్యులకు చేరినది 1998లో అదే సంస్థ విడుదల చేసిన పాడ్. చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రగా ఉండే ఆ చిన్న డబ్బాలో అనేక యాంప్లిఫయర్ల నమూనాలు ఉండేవి.

ఏ మోడలరు అయినా చేసే మొదటి పని గిటారు వోల్టేజిని సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చడం. తరువాత ఆ అంకెలపై గణితం చేసి, ఫలితాన్ని మరల వోల్టేజిగా మారుస్తుంది. గణితం చేసే మార్గాలు ముఖ్యంగా రెండు. వంటతో పోల్చి చెప్పాలంటే, దినుసుల చిట్టా తీసుకొని వండడం ఒకటి. చిట్టా చూడకుండా రుచి చూసి దానికి సరిపోయేలా వండడం మరొకటి.

మొదటి మార్గంలో సర్క్యూటులోని ప్రతి వాల్వుకు, కెపాసిటరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు సమీకరణం రాసి, ప్రతి కొలతకు వాటన్నిటిని సాధిస్తారు. 2006లో ఫ్రాక్టల్ ఆడియో విడుదల చేసిన యాక్స్-ఎఫ్‌ఎక్స్, 2015లో లైన్ 6 విడుదల చేసిన హీలిక్స్ ఈ దారిలోనివి. ఇందులో గుండీలు అసలు యాంప్లిఫయరు గుండీల వలెనే పనిచేస్తాయి. ఒకటి తిప్పితే మరొకదాని ప్రభావం కూడా మారుతుంది.

రెండవ మార్గంలో యాంప్లిఫయరు ఒక మూసిన పెట్టె. దానిలోకి పరీక్షా సంకేతాలు పంపి, వచ్చిన ధ్వనిని రికార్డు చేసి, రెండింటి సంబంధాన్ని కనుగొంటారు. జర్మనీకి చెందిన క్రిస్టాఫ్ కెంపర్ 2011లో తెచ్చిన ప్రొఫైలరు ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. ఇప్పుడు ఈ పనిని కృత్రిమ న్యూరల్ జాలికలు చేస్తున్నాయి. మాటల ధ్వనిని తయారుచేయడానికి డీప్‌మైండ్ వారు 2016లో ప్రకటించిన వేవ్‌నెట్ పద్ధతినే గిటారు యాంప్లిఫయరుకు అన్వయించవచ్చునని తేలింది. ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ విషయమై పత్రాలు ప్రచురించారు. హెల్సింకీ నగరానికి చెందిన న్యూరల్ డి.ఎస్.పి. సంస్థ క్వాడ్ కార్టెక్స్ పరికరంలో ఇటువంటి పద్ధతి ఉన్నది. స్టీవెన్ అట్కిన్సన్ రూపొందించిన న్యూరల్ యాంప్ మోడలర్ స్వేచ్ఛా సాఫ్టువేరు. కంప్యూటరు ఉన్న విద్యార్థి దీనిని ఉచితంగా దించుకొని వాడుకోవచ్చును, మూలాన్ని చదివి నేర్చుకోవచ్చును.

ఈ రెండవ మార్గానికి ఒక పరిమితి ఉన్నది. సాధారణంగా ఇది ఛాయాచిత్రం వంటిది: గుండీలు ఏ స్థానంలో ఉండగా కొలిచారో ఆ స్థానపు ధ్వని మాత్రమే నిఖార్సుగా వస్తుంది.

స్పీకరు, మైకుల అనుకరణ దీనికంటె సులభం. స్పీకరు దాదాపు సరళరేఖలో ప్రవర్తిస్తుంది కనుక ఒక అతి చిన్న ధ్వని చప్పుడుకు అది ఇచ్చే జవాబును రికార్డు చేస్తే చాలు. దీనిని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఏ నమూనానైనా బాగుచేయాలంటే ముందుగా ఈ దస్త్రాన్ని మార్చి చూడడం మంచిది. యాంప్లిఫయరు పేరు మార్చినప్పటికంటె ఎక్కువ తేడా తరచు దీనిలోనే కనిపిస్తుంది.

డిజిటల్ పద్ధతికే ప్రత్యేకమైన ఒక దోషం మడత ధ్వని. సెకనుకు 48,000 కొలతలు తీసుకొనే వ్యవస్థలో 24,000 హెర్ట్జ్‌కు పై ధ్వనికి చోటు లేదు. చిట్లడం వలన 10,000 హెర్ట్జ్ అంశానికి 30,000 అనుస్వరం పుట్టిందనుకుందాము. అది మాయం కాదు. మడతపడి 18,000 వద్ద ప్రత్యక్షమవుతుంది. సినిమాలో బండి చక్రం వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడం ఇటువంటిదే. ఇలా మడతపడిన స్వరాలు వాయించిన స్వరంతో శ్రుతి కలవవు. వాయించే స్వరం పైకి వెళ్తుంటే ఇవి కిందికి దిగుతాయి. తొలి మోడలర్ల ధ్వనిలోని గాజు కీచుదనానికి ఇది ఒక కారణం. లోపల కొలతల వేగాన్ని ఎనిమిది, పదహారు రెట్లు పెంచి లెక్కించి, తరువాత తగ్గించడం దీనికి విరుగుడు. దానికి వేగమైన చిప్పు కావాలి. మోడలర్లు బాగుపడడంలో చెవుల పాత్ర ఎంతో చిప్పుల పాత్ర అంత.

ఆలస్యం గురించిన ఫిర్యాదుకు మాత్రం ఇప్పుడు బలం తక్కువ. మంచి మోడలరులో ఆలస్యం కొద్ది మిల్లీసెకనులే. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మూడు మిల్లీసెకనుల ఆలస్యం అంటే యాంప్లిఫయరు నుండి ఒక మీటరు వెనుకకు జరగడమే. ఆ మాటకు వస్తే వేదికపై వాయించేవారు రెండు మూడు మీటర్ల దూరంలోనే నిలబడతారు. సాధారణ కంప్యూటరులో సరైన సౌండు కార్డు లేకుండా వాయిస్తే ఆలస్యం ఇంతకు చాలా రెట్లు ఉండవచ్చును. అది మోడలింగు దోషం కాదు.

తేడా ఎక్కడ మిగిలింది

రికార్డింగులో, మైకు పెట్టిన వాల్వు యాంప్లిఫయరును, అదే స్పీకరు, అదే మైకు నమూనాలతో మంచి మోడలరును సమానమైన శబ్ద తీవ్రత వద్ద పోల్చితే తేడా చాలా తక్కువ. సమాన తీవ్రత అన్న షరతు ముఖ్యం. కొద్దిగా గట్టిగా పలికేది మేలైనదిగా తోచడం చెవి స్వభావం. అంగడిలో జరిగే పోలికలు చాలా వరకు ఇక్కడే తప్పుతాయి.

గదిలో మాత్రం తేడా ఉంటుంది. పెట్టె ముందు నిలబడినవానికి గోడల నుండి, నేల నుండి తిరిగివచ్చే ధ్వని కూడా అందుతుంది; గట్టిగా వాయిస్తే ఆ ధ్వని గిటారు తీగలనే కదిలించి స్వరాన్ని ఎడతెగకుండా నిలబెడుతుంది. ఇయర్‌ఫోనులో ఈ చక్రం తెగిపోతుంది. అయితే ఇది వాల్వుకు, చిప్పుకు మధ్య తేడా కాదు. స్పీకరు, గది ఉండడానికి, లేకపోవడానికి మధ్య తేడా. మోడలరును కూడా తగిన పవర్ యాంప్లిఫయరు ద్వారా గిటారు స్పీకరుకే కలిపితే ఇందులో చాలా భాగం తిరిగి వస్తుంది.

స్పర్శ అని వాదకులు చెప్పేది ఊహ మాత్రమే కాదు. పాత యాంప్లిఫయర్లలో విద్యుత్తును సరిచేసే పని కూడా వాల్వుదే. గట్టిగా మీటిన క్షణంలో, పొలం మోటారు వేయగానే ఇంటి దీపం మసకబారినట్లు, లోపలి వోల్టేజి కుంగి మెల్లగా కోలుకుంటుంది. స్వరం మొదట అణగి తరువాత విప్పారినట్లు ఉంటుంది. సర్క్యూటు సమీకరణాలు రాసే మంచి మోడలర్లు ఈ కుంగుబాటును కూడా లెక్కిస్తాయి. ఛాయాచిత్రం పద్ధతికి ఇటువంటి నెమ్మది మార్పులు కష్టం.

కర్ణాటక సంగీతంలో ఈ వాదానికి ఉన్న చోటు స్వల్పం. పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకాలు పలికించగలగడానికి యాంప్లిఫయరు తోడ్పడింది. మామూలు మాండొలిన్‌లో స్వరం గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది. అక్కడ కావలసింది చిట్లని, నిలకడ గల ధ్వని. దానికి వాల్వు తప్పనిసరి కాదు.

బరువు, మరమ్మత్తు, వాల్వుల సరఫరా

ట్విన్ రివర్బ్ బరువు సుమారు 29 కిలోలు. ఫెండర్ సంస్థే 2019లో దానికి టోన్ మాస్టర్ అనే డిజిటల్ రూపం తెచ్చింది. బయటికి అదే పెట్టె, బరువు 15 కిలోలు. మెటాలికా బృందం 2013 డిసెంబరులో అంటార్కిటికాలో ప్రదర్శన ఇచ్చినప్పుడు అక్కడి పర్యావరణాన్ని దృష్టిలో ఉంచుకొని శ్రోతలకు ఇయర్‌ఫోనులలోనే సంగీతాన్ని అందించారు. ఆ బృందం గిటారు వాదకులు తరువాతి యాత్రలలో వేదికపై మోడలర్లనే వాడుతున్నారు.

మరమ్మత్తు విషయంలో పరిస్థితి తారుమారు. 1965 నాటి వాల్వు యాంప్లిఫయరును సర్క్యూటు పటం, సోల్డరింగు కడ్డీ ఉన్న పనివాడు నేటికీ బాగుచేయగలడు. మోడలరులో ముఖ్యమైన చిప్పు పోయినా, తయారీదారు సాఫ్టువేరు సహాయం ఆపివేసినా అది మూలపడుతుంది. తరతరాలకు నిలిచే వస్తువు కావాలనుకునేవారు దీనిని ఆలోచించాలి.

కానీ వాల్వుల సరఫరాయే నేడు సన్నగిల్లింది. ఒకప్పుడు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాలలో కోట్ల సంఖ్యలో తయారయ్యేవి. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ సంస్థ ముద్ర గల పాత వాల్వులను విదేశాల గిటారు వాదకులు సైతం వెదకి కొంటుంటారు. ఇప్పుడు గిటారు యాంప్లిఫయర్లకు కావలసిన వాల్వులలో అధిక భాగం రష్యాలోని సరాతోవ్, స్లొవేకియాలోని చాద్సా, చైనా కర్మాగారాల నుండి వస్తున్నది. 2022 మార్చిలో రష్యా ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు ధరలు ఒక్కసారిగా పెరిగాయి, దుకాణాలలో నిల్వలు ఖాళీ అయ్యాయి. ఎగుమతులు తరువాత తిరిగి మొదలైనా, రెండు మూడు కర్మాగారాల మీద ఒక వాద్యపు భవిష్యత్తు ఆధారపడి ఉన్నదన్న సంగతి బయటపడింది. మోడలరుకు కూడా దీనితో సంబంధం లేకపోలేదు. కొలవడానికి, పోల్చడానికి పనిచేసే అసలు యాంప్లిఫయరు ఎక్కడో ఒకచోట ఉండాలి.

వాడుకలో జాగ్రత్తలు

అమెరికా నుండి తెచ్చుకొన్న వాల్వు యాంప్లిఫయర్లు చాలా వరకు 120 వోల్టులకు తయారైనవి. మన 230 వోల్టుల విద్యుత్తుకు నేరుగా కలిపితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. తగిన శక్తి గల స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. స్పీకరు కలపకుండా వాల్వు యాంప్లిఫయరును వాయించరాదు. భారం లేని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా పెరిగి దాని చుట్టలు, వాల్వులు దెబ్బతింటాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, లోపలి కెపాసిటర్లలో స్విచ్ తీసిన తరువాత కూడా 400 వోల్టులకు పైగా విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. అది ప్రాణాంతకం. ఫ్యూజు మార్చడం వంటి పనులు తప్ప, పెట్టె విప్పే పనిని వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్‌కు వదలిపెట్టాలి.